మోకాలి మీద చెయ్యి వేస్తే ఏం జరుగుతుంది

దసరా దాటాక మా ఫిజియోథెరపీ క్లినిక్‌కి వచ్చేవాళ్ల రకం మారుతుంది. అప్పటిదాకా మెడ నొప్పులు, నడుము నొప్పులు, భుజం బిగుసుకుపోయిన షుగర్ పేషెంట్లు. ఆ తర్వాత రన్నర్ల సీజన్. విశాఖలో నేవీ మారథాన్ చలికాలంలో వస్తుంది కాబట్టి, పేరు ఇచ్చిన ఉత్సాహంలో జనం తెల్లవారుజామునే బీచ్ రోడ్డెక్కుతారు. కొన్ని వారాలకి ఎంవీపీ కాలనీలో మా క్లినిక్ మెట్లెక్కుతారు. ఏ కాలు ముందు వేస్తున్నారో, రెయిలింగ్ పట్టుకుంటున్నారో లేదో నా టేబుల్ దగ్గర్నుంచే కనపడుతుంది. సగం పరీక్ష అక్కడే అయిపోతుంది.

చాలామంది అడిగేది ఒక్కటే. "మేడమ్, ఎక్కడో పట్టేసిందండి. ఒకసారి గట్టిగా నొక్కి వదిలించెయ్యండి. ఆదివారం హాఫ్ మారథాన్, ఇరవై ఒక్క కిలోమీటర్లు కొట్టాలి."

నొక్కుతాను. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే మా వృత్తిలో ఈ మధ్య ఒక కొత్త ఫ్యాషన్ వచ్చింది. చేత్తో చేసేదంతా దండగ, వ్యాయామం ఒక్కటే వైద్యం అంటూ కుర్ర ఫిజియోలు వీడియోలు పెడుతున్నారు. అవతలి గట్టున, పది సిట్టింగులకి ముందే డబ్బు కట్టించుకుని, రోజూ పడుకోబెట్టి మర్దన చేసి పంపించేసేవాళ్లున్నారు. నాకు ఇద్దరితోనూ పేచీయే. చేతులతో నొప్పి తగ్గుతుంది, చాలాసార్లు బల్ల దిగేలోపే తగ్గుతుంది. కాకపోతే అది గంటల లెక్క, మహా అయితే రెండు మూడు రోజుల లెక్క. ఆ గడువులో ఏం చేయిస్తామన్న దాని మీదే మిగతాదంతా ఉంటుంది.

దెబ్బ తగలకుండా, కింద పడకుండా, మెల్లగా మొదలై ముదిరే మోకాలి నొప్పుల్లో నా దగ్గరికి ఎక్కువగా వచ్చేవి రెండు. ఒకటి చిప్ప చుట్టూ, చిప్ప వెనకాల వచ్చేది. మెట్లు దిగేటప్పుడు, గుంజీళ్లు తీసేటప్పుడు, సినిమా హాల్లో కాళ్లు ముడుచుకుని కూర్చున్నప్పుడు సలుపుతుంది. పుస్తకాల్లో పటెల్లోఫీమోరల్ పెయిన్ అని రాస్తారు, రన్నర్లు రన్నర్స్ నీ అంటారు. రెండోది మోకాలి బయటి పక్క వచ్చే ఐటీ బ్యాండ్ నొప్పి. ఐటీ బ్యాండ్ అంటే తొడ బయటి పక్కన పొడుగ్గా ఉండే పట్టీ. ఇది మొదటి రెండు మూడు కిలోమీటర్లు కనపడదు. తర్వాత ఒకే చోట పొడవడం మొదలుపెట్టి, ఇంక అడుగు వెయ్యనివ్వదు. ఆగి నడిస్తే ఏమీ లేనట్టు తగ్గిపోతుంది, పరుగు మొదలుపెడితే మళ్లీ హాజరు.

పోయిన సీజన్‌లో వచ్చిన ఒక బ్యాంకు ఆఫీసరు గారిది మొదటి రకం. నలభై దాటాయి. వారానికి ఇరవై కిలోమీటర్లు హాయిగా పరుగెత్తేవారు. ఒక గ్రూపులో చేరాక నెల తిరిగేలోపు అది నలభై ఐదు అయింది. దానికితోడు వారానికి రెండు రోజులు కైలాసగిరి ఘాట్ రోడ్డు ఎక్కడం, దిగడం. నా దగ్గరికి వచ్చేసరికే ఎమ్మారై కూడా తీయించుకున్నారు. రిపోర్టులో గ్రేడ్ వన్ కాండ్రోమలేషియా అని ఉంది. ఫైలు నా ముందు పెట్టి, గొంతు తగ్గించి, "గుజ్జు అరిగిపోయిందంటండి" అన్నారు. వాళ్లమ్మగారైతే అప్పటికే ఆయన షూలు అటక మీద పెట్టించేశారట.

ఈ గుజ్జు భయం మన ఇళ్లల్లో ఎంత బలంగా ఉందంటే, నేను మోకాలి మీద చెయ్యి వేసే ముందు దాని సంగతి తేల్చాల్సి వస్తుంది. చిప్ప కింద మృదులాస్థి కాస్త మెత్తబడినట్టు ఎమ్మారైలో కనపడటం, ఏ నొప్పీ లేనివాళ్లలో కూడా మామూలే. పరుగు వల్ల కీళ్లు అరిగిపోతాయా అన్నదాని మీద 2017లో ఒక పెద్ద విశ్లేషణ వచ్చింది. సరదాకి పరుగెత్తేవాళ్లలో 3.5 శాతం మందికి మోకాలి లేదా తుంటి కీలు అరుగుదల కనపడితే, పరుగు జోలికి పోకుండా కూర్చుని ఉండేవాళ్లలో 10.2 శాతం మందికి కనపడింది. పోటీ స్థాయి రన్నర్లలో మాత్రం 13.3 శాతం. కీళ్లు బాగున్నవాళ్లే పరుగు కొనసాగిస్తారు కాబట్టి, పరుగే కీళ్లని కాపాడిందని దీన్నిబట్టి చెప్పెయ్యలేం. కానీ వారానికి నాలుగు రోజులు బీచ్ రోడ్డు మీద పరుగెత్తితే గుజ్జు కరిగిపోతుందనే మాటకి ఇందులో ఆధారం దొరకదు. ఇదంతా ఆయనకి చెప్పాను. వాళ్లమ్మగారికి ఫోన్‌లో ఇంకోసారి చెప్పాను. ఆవిడ విని, "సరేనమ్మా, అయితే ఏ నూనె రాయమంటావ్?" అన్నారు.

ఫైలు మూసి ఆయన్ని స్టెప్ బాక్సు ఎక్కించాను. ఒంటికాలి మీద నిలబడి, రెండో కాలి మడమ నేలకి తగిలేదాకా మెల్లగా వంగి, మళ్లీ లేవాలి. కుడికాలి మీద చేసేటప్పుడు మోకాలు లోపలికి వాలిపోతోంది, నడుము ఒక పక్కకి జారుతోంది. "నొప్పి పదికి ఎంతండి?" అంటే ఆరు అన్నారు. ఆ ఆరుని కాగితం మీద రాసుకున్నాను. అది రాసుకోకుండా బల్ల ఎక్కిస్తే, తర్వాత తగ్గిందో లేదో ఆయనకీ తెలియదు, నాకూ తెలియదు. "హాయిగా ఉందండి" అనేది కొలత కాదు. ఏసీ గదిలో పడుకోబెట్టి పావుగంట కాళ్లు పడితే ఎవరికైనా హాయిగానే ఉంటుంది.

వెల్లకిలా పడుకోబెట్టి మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టాను. మొదట తొడ బయటి భాగం. వాస్టస్ లేటరాలిస్ అనే పెద్ద కండరం అక్కడ ఉంటుంది. దాని మీద ముంజేతిని ఆనించి, మోకాలి వైపు నుంచి తుంటి వైపుకి మెల్లగా తోసుకుంటూ వెళ్తాను. ఎక్కడైనా పేషెంటు ఊపిరి బిగబడితే అక్కడ ఆగి, ఒత్తిడి తగ్గించి, ఊపిరి వదిలాక ముందుకు పోతాను. పళ్లు కొరుక్కుని భరిస్తేనే పని జరుగుతుందని నమ్మేవాళ్లు చాలామంది ఉన్నారు. ముఖ్యంగా మగవాళ్లు. నొప్పి పెట్టి నొప్పి తగ్గించాలనే పంతం నాకు లేదు.

తర్వాత చిప్ప. కాలు పూర్తిగా వదిలేసి ఉన్నప్పుడు చిప్పని వేళ్లతో అటూ ఇటూ కదిలించొచ్చు. ఈ సంగతి తెలియని వాళ్లు మొదటిసారి ఉలిక్కిపడతారు. బయటి అంచు మీద రెండు బొటనవేళ్లూ పెట్టి, లోపలి వైపుకి చిన్న చిన్న ఊపులతో తోస్తాను. కాసేపు చేసి ఆపి, మళ్లీ చేస్తాను. ఈ ఊపులని ఒకటి నుంచి నాలుగు దాకా గ్రేడ్లుగా విడదీసి నేర్పినవాడు ఆస్ట్రేలియా ఫిజియోథెరపిస్టు జెఫ్రీ మెయిట్‌లాండ్. నొప్పి బాగా ఎక్కువగా ఉంటే ఒకటి, రెండు. బిగుతు ఎక్కువగా ఉంటే మూడు, నాలుగు. కాలేజీలో ఒకరి మోకాళ్ల మీద ఒకరం వీటిని సాధన చేసేవాళ్లం, మెస్ కూపన్లు పందెం పెట్టుకుని మరీ.

ఇక్కడ ఒక సొంత గోడు. ఫిజియోథెరపిస్టులకి బొటనవేలి మొదట్లో నొప్పి రావడం చాలా మామూలు విషయం. నాకూ ఉంది. చలికాలం పొద్దున్నే పచ్చడి సీసా మూత తిప్పాలంటే మా ఆయన్ని పిలవాల్సిందే. అందుకే తొడ లాంటి పెద్ద కండరాలకి ముంజెయ్యి, మోచెయ్యి వాడి, బొటనవేళ్లని చిప్ప దగ్గర సున్నితమైన పనికి దాచుకుంటాను. మా దగ్గర ఇంటర్న్‌షిప్ చేసే పిల్లలకి మొదటిరోజే ఇది చెబుతాను. వాళ్లు వినరు. నేనూ వినలేదు మా మేడమ్ చెబితే.

ఆఫీసరు గారిని మళ్లీ స్టెప్ బాక్సు ఎక్కించాను. ఈసారి నొప్పి పదికి మూడు. ఆయన ముఖం వెలిగిపోయింది. "చూశారా, చిప్ప పక్కకి జరిగిందని నేను అనుకుంటూనే ఉన్నాను. మీరు సరిగ్గా కూర్చోబెట్టారు" అన్నారు.

ఈ మాటని వదిలేయడం సులువు. పేషెంటు సంతోషంగా ఉన్నాడు, నా చేతికి గొప్ప పేరు వస్తుంది, పది మందికి చెబుతాడు. కానీ చిప్ప పక్కకి జరిగిందని నమ్మి వెళ్లిన మనిషి, నొప్పి వచ్చిన ప్రతిసారీ దాన్ని కూర్చోబెట్టించుకోవడానికి ఎవరో ఒకరి దగ్గరికి పరుగెడతాడు. కాబట్టి చెప్పాను: మీ చిప్ప ఎక్కడికీ జరగలేదు, నేను దేన్నీ కూర్చోబెట్టలేదు, ఏ ముడీ విప్పలేదు.

మరి ఆరు మూడు ఎలా అయింది? చిన్నపిల్ల కింద పడి మోకాలు కొట్టుకుంటే అమ్మ చేత్తో రుద్దగానే ఏడుపు తగ్గుతుంది కదా, దారి దాదాపు అదే. చర్మం, కండరం, కీలు మీద పడిన ఒత్తిడి, కదలిక నరాల ద్వారా వెన్నుపాముకి, మెదడుకి చేరి, అక్కడ నొప్పి కబుర్ల జోరు తగ్గిస్తాయి. కండరం కాసేపు బిగుతు వదులుతుంది. తగ్గుతుందన్న నమ్మకం కూడా ఇందులో పనిచేస్తుంది, దాన్ని నేను తక్కువ చెయ్యను. అయితే ఇదంతా తాత్కాలికం. చిప్ప మీద పడే బరువు ఏమీ మారలేదు. పరుగులో ప్రతి అడుగుకీ చిప్ప వెనక కీలు మీద శరీర బరువుకి కొన్ని రెట్ల ఒత్తిడి పడుతుంది. నెలలో దూరం రెట్టింపు దాటి, పైగా ఘాట్ రోడ్డు కలిస్తే, ఆ మోకాలు సర్దుకునేదానికన్నా వేగంగా బరువు పెరిగింది. దానికి నా బొటనవేళ్లు ఏం చేస్తాయి?

2018లో పలు దేశాల నిపుణులు కలిసి ఈ చిప్ప నొప్పి మీద ఒక ఏకాభిప్రాయ పత్రం ప్రచురించారు. తుంటికి, మోకాలికి కలిపి చేయించే వ్యాయామాలని గట్టిగా సిఫారసు చేశారు. చిప్పనీ, మోకాలినీ, నడుమునీ చేత్తో కదిలించే పద్ధతుల్ని మాత్రం సిఫారసు చెయ్యలేదు. కరెంటు పెట్టే యంత్రాలనీ చెయ్యలేదు. మరుసటి ఏడాది అమెరికా ఫిజియోథెరపిస్టుల మార్గదర్శకాలు వచ్చాయి. వాటిలోనూ చేతి వైద్యాన్ని ఒక్కదాన్నే వాడొద్దని ఉంది, కండరాల్లో సన్నటి సూదులు గుచ్చే డ్రై నీడ్లింగ్ వద్దని ఉంది. ఈ కాగితాలు చదివాక కొందరు చేతులు కట్టేసుకున్నారు. నేను ఇంకా ఎందుకు చేస్తున్నానంటే, ఆరు నొప్పితో ఉన్న మనిషి చేత గుంజీళ్లు తీయించలేను. మూడు ఉన్న మనిషి చేత తీయించగలను. ఆ పావుగంట పని నాకు కొనిపెట్టేది అంతే. ఇంకో లాభం కూడా ఉంది. ఎక్కడ ముట్టుకుంటే ముఖం చిట్లిస్తున్నారు, ఏ పక్క తొడ సన్నబడింది, చిప్ప కింద నీరు చేరిందా, ఇవన్నీ ఎమ్మారై ఫైలు కన్నా వేళ్లకే ముందు తెలుస్తాయి.

అందుకని బల్ల దిగిన వెంటనే, ఆ వెసులుబాటు ఉన్నప్పుడే, పని మొదలుపెట్టించాను. గోడకి ఆనుకుని సగం కూర్చోవడం. కుర్చీ దాకా దిగి లేచే సగం గుంజీళ్లు. పక్కకి పడుకుని పైకాలు ఎత్తడం. అదే స్టెప్ బాక్సు ఎక్కి దిగడం, ఈసారి అద్దం ముందు, మోకాలు లోపలికి పోకుండా చూసుకుంటూ. రెండో వారం నుంచి చేతుల్లో బరువులు. చాలామంది రన్నర్లకి బరువులంటే చిన్నచూపు, "మేం పరుగెత్తుతున్నాం కదా, కాళ్లకి వ్యాయామం అయిపోతోంది" అంటారు. అదే కాళ్లతో ఒంటికాలి మీద పదిసార్లు మెల్లగా కూర్చుని లెమ్మంటే తెల్లమొహం వేస్తారు.

పరుగు పూర్తిగా ఆపమనలేదు. నడక, పరుగు కలిపి, సమతలం మీద, నొప్పి పదికి రెండు దాటకుండా, ఆపాక గంటలో మామూలు స్థితికి వచ్చేంతవరకే. ఘాట్ రోడ్డు బంద్. ఇంకొకటి, అడుగులు. గడియారంలో చూస్తే ఆయనవి నిమిషానికి 158. పొడుగ్గా సాగదీసి వేసే అడుగులు. అదే వేగంతో అడుగు పొట్టిచేసి, సంఖ్య పెంచమన్నాను. నిమిషానికి వేసే అడుగులు 10 శాతం పెంచితే చిప్ప కీలు మీద పడే గరిష్ఠ ఒత్తిడి దాదాపు 14 శాతం తగ్గుతుందని 2014లో ఒక అధ్యయనంలో లెక్కగట్టారు. ఒకేసారి అంత పెంచడం కష్టం, ఊపిరి అందదు. ఆయన చేత 166, 168 దాకా చేయించాను. ఫోన్లో టిక్కు టిక్కు మని కొట్టే యాప్ పెట్టుకుని పరుగెత్తుతుంటే గ్రూపులో వాళ్లు ఏడిపించారట.

కెనడాలో చేసిన ఇంకో అధ్యయనం నాకు మింగుడుపడటానికి సమయం పట్టింది. చిప్ప నొప్పి ఉన్న 69 మంది రన్నర్లని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకి ఎంత పరుగెత్తాలి, నొప్పిని బట్టి ఎలా తగ్గించాలి, ఎలా పెంచాలి అన్న శిక్షణ మాత్రమే. రెండో గుంపుకి దాంతోపాటు వ్యాయామాలు. మూడోదానికి శిక్షణతోపాటు పరుగు తీరు మార్చడం. ఎనిమిది వారాల తర్వాత మూడు గుంపులూ ఇంచుమించు ఒకేలా బాగుపడ్డాయి. అంటే మంచి సలహా ఒక్కటే అంత పని చేసింది. చేతి వైద్యం ఆ అధ్యయనంలో లేదు కానీ, ఉన్నా పెద్ద తేడా వచ్చేది కాదేమోనని నా అనుమానం. అయినా మన దగ్గర ఒక ఇబ్బంది ఉంది. ఉట్టి మాటలు చెప్పి పంపిస్తే "ఏమీ చెయ్యలేదు, కబుర్లు చెప్పి ఫీజు తీసుకుంది" అంటారు. ముందు మోకాలి మీద చెయ్యి పడాలి, అప్పుడు చెవులు తెరుచుకుంటాయి.

ఐటీ బ్యాండ్ నొప్పిది వేరే కథ. ఒక స్కూలు టీచరు, ముప్పై ఐదేళ్ల ఆవిడ, రుషికొండ వైపు నుంచి దిగుడు రోడ్ల మీద పరుగెత్తేవారు. ఫోమ్ రోలర్ అనే గట్టి స్పాంజి దుంగ కొనుక్కుని, రోజూ రాత్రి మోకాలి బయటి పక్క సరిగ్గా నొప్పి ఉన్నచోటే దాని మీద బరువంతా వేసి దొర్లేవారట. "ఏడుపొచ్చేస్తుంది మేడమ్, అయినా వదలట్లేదు." కమిలిపోయి ఉంది అక్కడ.

ఆ పట్టీ తుంటి నుంచి మోకాలి కిందిదాకా తొడ బయటి పక్కన ఉండే దళసరి పొర. దాన్ని చేత్తోనో రోలర్‌తోనో సాగదీద్దామనుకోవడం వృథా. 2008లో కొందరు పరిశోధకులు గణిత నమూనాతో లెక్కవేసి చూశారు: తొడ మీద ఉండే ఈ పొరని ఒక్క శాతం నొక్కాలన్నా, ఒక్క శాతం పక్కకి లాగాలన్నా మనిషి చేతికి మామూలుగా సాధ్యమయ్యే బలం చాలదు. పైగా ఆ పట్టీ ఎముక మీద అటూ ఇటూ జారుతూ రాచుకుంటుందని పాతకాలంలో అనుకునేవారు. 2006లో శరీర నిర్మాణ శాస్త్రజ్ఞులు తేల్చిందేమిటంటే, అది తొడ ఎముకకి పోగులతో అంటుకునే ఉంటుంది, దాని కింద నరాలు దండిగా ఉన్న కొవ్వు పొర ఉంటుంది, మోకాలు 30 డిగ్రీల దగ్గర వంగినప్పుడు ఆ కొవ్వు నలుగుతుంది. నలిగి మండుతున్న చోటుని రోలర్ కింద పెట్టి ఇంకా నలిపితే ఏమవుతుంది? దిగుడులో మెల్లగా పరుగెత్తేటప్పుడు మోకాలు ఆ కోణం దగ్గర ఎక్కువసేపు ఉంటుంది, అందుకే దిగుడు గిట్టదు.

ఆవిడకి నొప్పి ఉన్నచోట నేను చెయ్యి వెయ్యనే లేదు. పైన, తుంటి ముందుపక్క టెన్సర్ ఫాసియా లాటా అనే చిన్న కండరం ఉంటుంది, ఆ పట్టీకి పగ్గం అక్కడ ఉంది. దాని మీద, పిరుదు కండరాల మీద పనిచేశాను. పక్కకి పడుకున్న భంగిమలో మోచేత్తో చాలా నిదానంగా. తర్వాత పిరుదుల బలానికి వ్యాయామాలు, దిగుడు మానిపించడం, ఎప్పుడూ ఒకే పక్క నడవకుండా రోడ్డు పక్క మార్చమనడం. బీచ్ రోడ్డు కూడా మిగతా రోడ్లలాగే అంచుల వైపు వాలి ఉంటుంది, రోజూ ఒకే అంచున పరుగెత్తితే ఒక కాలు ఎప్పుడూ పల్లంలోనే పడుతుంది. రోలర్‌ని పారెయ్యమనలేదు. తొడ ముందుభాగం మీద, పిక్కల మీద దొర్లించుకోమన్నాను. అక్కడ హాని లేదు, కాస్త తేలిగ్గా ఉంటుంది. వ్యాపారానికి పనికొచ్చే మిగతా సరంజామా మీద కూడా నా మాట ఇంతే: మసాజ్ గన్ సరదా, కప్పింగ్ అంటూ చర్మం మీద కప్పులు అంటిస్తే పడే మచ్చలు ఇన్‌స్టాగ్రామ్‌కి బాగుంటాయి.

టేపు మాత్రం వాడతాను. చిప్పని టేపుతో కొద్దిగా లోపలికి లాగి అంటించే పద్ధతిని ఆస్ట్రేలియాకి చెందిన జెన్నీ మెకానెల్ 1986లో పరిచయం చేశారు. చిప్ప నిజంగా ఎంత కదులుతుందన్నది పక్కన పెడితే, కొద్ది వారాలపాటు నొప్పి తగ్గడానికి అది పనికొస్తుంది, వ్యాయామం మొదలుపెట్టించడానికి వీలుగా ఉంటుంది. సమస్యల్లా విశాఖ ఉక్కపోత. లాసన్స్ బే దగ్గర అంటించుకుని బయల్దేరితే తెన్నేటి పార్కు వచ్చేసరికి చెమటకి ఊడి షూలో పడుతుంది. చర్మం మీద వెంట్రుకలు తీసేసి, తుడిచి, ఆరనిచ్చి అంటించమంటాను. మగవాళ్లు ఆ ఒక్క మోకాలికి షేవ్ చేసుకుని వచ్చి సిగ్గుపడతారు.

నడుం టక్కుమనిపించమని అడిగేవాళ్లూ ఉన్నారు. ఎవరికో నడుం విరిస్తే మోకాలి నొప్పి పోయిందట. ఆ శబ్దం కీలులోని ద్రవంలో వాయు బుడగ ఏర్పడటం వల్ల వస్తుంది, ఎముక జరగడం వల్ల కాదు. మోకాలి కోసం నడుము విరవడం నేను చెయ్యను.

అన్నిటికన్నా ముఖ్యం, ముట్టుకోకుండా పంపించెయ్యాల్సిన మోకాళ్లు. కానిస్టేబుల్ సెలెక్షన్‌లో 1600 మీటర్ల పరుగు కోసం ఊళ్లల్లో కుర్రాళ్లు రోడ్ల మీద రెండు పూటలా పరుగెత్తుతారు, అరిగిపోయిన షూలతో. భీమిలి పక్క నుంచి అలాంటి అబ్బాయి ఒకడు వచ్చాడు. మోకాలికి కాస్త కిందుగా, లోపలి పక్క నొప్పి. "నరం పట్టిందక్కా, మా ఊళ్లో మూడుసార్లు తోమించాను" అన్నాడు. ఎముక మీద ఒక్కచోట వేలు పెట్టగానే కాలు లాక్కున్నాడు. ఒంటికాలి మీద ఒక్క గెంతు గెంతమంటే గెంతలేకపోయాడు. రాత్రి పడుకున్నా సలుపు. అది ఎముకలో సన్నటి పగులు అయ్యే అవకాశం ఎక్కువ, మొదట్లో ఎక్స్‌రేలో కనపడకపోవచ్చు కూడా. బల్ల ఎక్కించకుండా ఆర్థోపెడిక్ డాక్టరు గారికి చీటీ రాసిచ్చాను. ఎమ్మారైలో పగులే తేలింది. ఆ బ్యాచ్ సెలెక్షన్‌కి వెళ్లలేకపోయాడు. వాళ్ల నాన్న ఫోన్ చేసి, నేను పిల్లాణ్ణి భయపెట్టానని కోప్పడ్డారు. ఏం చెప్పను. ఒక్కసారిగా వాచిన మోకాలు, మడిచాక సాగకుండా ఇరుక్కుపోయే మోకాలు, నడుస్తుంటే జారిపోయే మోకాలు, జ్వరంతో ఎర్రగా వేడిగా ఉన్న మోకాలు, ఇవి కూడా అంతే. మర్దనకి కాదు, డాక్టరుకి. మోకాలి నొప్పి అని వచ్చి తుంటి తిప్పితే కేకేసేవాళ్లూ ఉంటారు, నొప్పి పుట్టింది ఒకచోట, తెలిసేది ఇంకోచోట.

ఆషాఢంలో సింహాచలం గిరి ప్రదక్షిణ అయ్యాక కూడా క్లినిక్ నిండిపోతుంది. 32 కిలోమీటర్లు, చాలామంది చెప్పులు లేకుండా, అంతకుముందు నెలంతా కిలోమీటరు కూడా నడవనివాళ్లు. దారి మా కాలనీ మీదుగానే పోతుంది కాబట్టి కొందరు మధ్యలోనే ఆగి అడుగుతారు. వాళ్ల మోకాళ్లకి నేను చేసేది చాలా తక్కువ. మెత్తగా నాలుగు నిమిషాలు తొడలు, పిక్కలు పట్టి, నీళ్లు తాగమని చెప్పి పంపిస్తాను. వారంలో వాటంతట అవే తగ్గుతాయి. ఆ వారంలో ఏ నూనె రాస్తే ఆ నూనెకి పేరొస్తుంది.

ఎన్ని సిట్టింగులు పడతాయని అడిగితే నా జవాబు ఇలా ఉంటుంది. చేత్తో చేసే పని మొదటి రెండు మూడు వారాలు, వారానికి ఒకటి రెండు సార్లు, అదీ ముందు వెనక పరీక్షలో తేడా కనపడితేనే. రెండుసార్లు చేసినా స్టెప్ బాక్సు మీద నొప్పి అంకె కదలకపోతే ఆపేస్తాను, వేరే కారణం వెతుకుతాను. వ్యాయామాలు మాత్రం కనీసం మూడు నెలలు. ముందే పెద్ద మొత్తం కట్టించుకోను. మా ఆయన అకౌంట్స్ చూసినప్పుడల్లా నిట్టూరుస్తారు.

ఆఫీసరు గారికి మూడో వారంతో చేతిపని ఆపేశాను. ఆయనకి అది నచ్చలేదు. "ఇంకో నాలుగు సార్లు చేస్తే పూర్తిగా పోతుంది కదండి" అన్నారు. పోయేది గుంజీళ్లతో అని చెప్పి బరువు పెంచాను. ఆ ఏడాది హాఫ్ వదిలేసి పది కిలోమీటర్లే పరుగెత్తారు. వాళ్లమ్మగారు ఫినిష్ దగ్గర నిలబడ్డారట, కొబ్బరిబోండం పట్టుకుని. హాఫ్ ఈ సీజన్‌లో ఉంది. ఘాట్ రోడ్డు మళ్లీ మొదలుపెట్టారు, ఈసారి పది రోజులకి ఒకసారి. ఇప్పుడు మోకాలి నొప్పి లేదు. అయినా నెలకోసారి వస్తారు, తొడలు పట్టించుకోవడానికి. కాదనను, హాయిగా ఉంటుందంటే ఉండనీ. బిల్లు మీద మాత్రం ట్రీట్‌మెంట్ అని రాయను, మసాజ్ అనే రాస్తాను. ఆఫీసులో క్లెయిమ్ చేసుకోవడానికి కుదరదని ఆయన గొణుగుతూనే ఉంటారు.